పుల్ల తీయని మామ

ఉదయం ఏడు గంటలు, సన్నగా ముసురు, కడుపులో నిన్నటి ఆకలి. అయినా పనిలో అందరూ ప్రార్థన మామ అని పిలిచే ఆ తాపీమేస్త్రీ డబ్బా మూత తీయగానే తినడు. సిమెంటుకు పగిలిన వేళ్లు ముడిచి, కళ్లు గట్టిగా మూసుకుని పెదవులు కదుపుతుంటాడు. కూడు చల్లారిపోతుంది. పరంజా పైచెక్క మీదికి ఎవరెక్కాలో అగ్గిపుల్లలు తీసి తేల్చుకోవడం ఆ ముఠా అలవాటు. పొట్టిపుల్ల వచ్చినవాడు ఎక్కాలి. మామ మాత్రం పుల్ల ముట్టడు. "నా బతుకు అగ్గిపెట్టెలో లేదురా, ప్రభువు చేతిలో ఉంది" అంటూ రోజూ తనే ఎక్కేవాడు. మిగతావాళ్లకి కావలసిందీ అదే. ఆ రోజు ప్రార్థన ఎంతకీ ముగియలేదు. "నీ ఆమెన్ అయ్యేలోపు కలిపిన సిమెంటు రాయైపోతుంది మామా, ఇవాళ నేనెక్కుతాలే" అని నవ్వుతూ పక్కన పనిచేసే బక్కోడు పైకి పోయాడు. మామ కళ్లు మూసుకునే ఉన్నాడు. పైన చెక్క విరిగిన చప్పుడు, వెంటనే కింద మనిషి పడ్డ చప్పుడు.

బక్కోడు అక్కడికక్కడే పోయాడు. కళ్లు తెరిచిన మామ చాలాసేపు రెప్ప వేయలేదు. "నీ ప్రార్థనే నిన్ను కాపాడింది మామా" అని పెద్దమేస్త్రీ భుజం తట్టాడు. "అలా అనకయ్యా" అన్నాడు మామ. "వాడికి మాత్రం ఆ ప్రభువు తండ్రి కాడా?" మర్నాడు మళ్లీ అగ్గిపుల్లలు బయటికొచ్చాయి. మామ మొదటిసారి చెయ్యి చాచాడు. పొడుగుపుల్ల వచ్చింది. "అదృష్టవంతుడివి!" అని ఎవరో నోరుజారారు. మామ పుల్లని పెద్దమేస్త్రీ అరచేతిలో పెట్టాడు. గోడవార మిగిలిపోయిన బక్కోడి డబ్బాని చంకన పెట్టుకుని, వాళ్లింటి దారి పట్టాడు. మళ్లీ పనిలోకి రాలేదు. వెళ్తున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉన్నాయి.