కాల్చడానికి కుట్టిన జెండా

ఆమెను అసలు పేరు పెట్టి పిలిచిన మనిషి భర్త ఒక్కడే. ఆయన పోయాక ఆ పేరు వినబడటం మానేసింది. రేవుకు వెళ్ళే వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె జెండాలమ్మ.

ఆమె దుకాణం ఒకే గది. కిటికీ పక్కన కాలితో తొక్కే కుట్టు మిషను, గోడ పొడుగునా కత్తిరించే బల్ల, బల్ల కింద రంగురంగుల గుడ్డముక్కల మూటలు. రోజూ వచ్చే పని మామూలుదే. పాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, చినిగిన జేబులు కుట్టడం. అయితే ఓడరేవు ఆఫీసుకు కావలసిన జెండాలు కూడా ఆమే కుట్టేది. ఏ దేశపు ఓడ వచ్చినా, ఏ దేశపు పెద్దలు వచ్చినా కబురు ఆమెకే వచ్చేది. సముద్రపు గాలికి జెండా చివర మొదట పీలికలవుతుంది. అందుకని ఆమె ఆ అంచును మూడు మడతలు పెట్టి కుట్టేది. పైన ఎగురుతున్న జెండాను చూసి "ఇది మన జెండాలమ్మ పనే" అని రేవులో కూలీలు కూడా గుర్తుపట్టేవారు. ఆ మాట చెవినపడ్డ రోజు ఆమె మిషను కాస్త హుషారుగా తొక్కేది.

ఆ ఊళ్ళో ఓడల మరమ్మతు కార్ఖానా ఒక పడమటి దేశంతో కుదిరిన స్నేహ ఒప్పందం వల్ల వచ్చింది. ఆ దేశం జెండా ముదురు నీలం. మధ్యలో అడ్డంగా తెల్ల పట్టీ. ఏటా సభలు జరిగేవి, మన రెండు దేశాలూ అన్నదమ్ములని ఉపన్యాసాలు ఇచ్చేవారు. ఆ స్నేహంలో భాగంగానే ఆ దేశం నుంచి కొందరు డాక్టర్లూ నర్సులూ వచ్చి ఆసుపత్రిలో కొత్త విభాగం తెరిచారు. తర్వాత ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఒక్క నర్సమ్మ మాత్రం ఉండిపోయింది. పొడుగ్గా, కొంచెం వంగి నడిచే మనిషి. భాష పట్టుబడింది గానీ నిన్నకీ రేపుకీ తేడా ఆమెకు ఎప్పటికీ పట్టుబడలేదు. "నేను రేపు వచ్చాను అక్కా, మీరు లేరు" అనేది. జెండాలమ్మ నవ్వి, "రేపు వచ్చినప్పుడు నేనెందుకుంటాను!" అనేది.

జెండాలమ్మ భర్త చివరి రోజులన్నీ ఆ నర్సమ్మ చేతుల మీదుగానే గడిచాయి. మంచం పుండ్లు పడకుండా మనిషిని ఎలా తిప్పాలో, గొంతు దిగని మందును ఎలా తాగించాలో ఆమే నేర్పింది. డ్యూటీ అయిపోయాక కూడా కూర్చుని, "మీరు ఇంటికి వెళ్ళి పడుకోండి అక్కా, నేను చూస్తాను" అనేది. ఆయన పోయిన రోజు జెండాలమ్మ కూతురికంటే ముందు ఆ నర్సమ్మ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. అప్పటినుంచి నర్సమ్మ దుకాణానికి వస్తూపోతూ ఉండేది. పనున్నా లేకపోయినా బల్ల చివర ఎక్కి కూర్చుని టీ తాగి వెళ్ళేది. ఆ శీతకాలం మొదట్లో ఉన్ని కోటు లోపలి గుడ్డ చిరిగిందని తెచ్చి ఇచ్చింది.

కోటు ఇంకా బల్ల మీదే ఉండగా ఆ వార్త వచ్చింది.

పక్క దుకాణం ఇస్త్రీ బాబాయిది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన టీవీ మోగుతూనే ఉంటుంది. బట్టలతోపాటు దేశాలను కూడా ఆయనే మడతపెట్టేవాడు. ఆ రోజు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి పరుగున వచ్చాడు.

"విన్నావామ్మా? ఒప్పందం రద్దట! ఆ పడమటి వాళ్ళు మన సరిహద్దు అవతలి వాళ్ళతో చేతులు కలిపారట. ఇన్నాళ్ళూ మన భుజం మీద వేసిన చెయ్యి తీసి వాళ్ళ భుజం మీద వేశారు. ఇక మనం జేబులు తడుముకోవాలి!"

కార్ఖానా మూసేస్తారని పుకారు పుట్టింది. ఉద్యోగాలు పోతాయని ఇళ్ళలో ఏడుపులు మొదలయ్యాయి. టీ దుకాణాల్లో, బస్సుల్లో, ఆఫీసుల్లో ఎక్కడ విన్నా ఆ దేశాన్ని తిట్టడమే. అన్నదమ్ములన్న నోళ్ళే నమ్మకద్రోహులన్నాయి. అందులో అన్యాయం ఏమీ లేదు. మోసపోయామన్న కోపం నిజమైనదే. జెండాలమ్మకూ కోపం వచ్చింది.

మూడో రోజో నాలుగో రోజో యువజన సంఘం కార్యదర్శి ఇద్దరు మనుషులతో దుకాణానికి వచ్చాడు.

"అక్కా, వాళ్ళ జెండా ఒకటి కావాలి. పెద్దది. వీధికి ఈ చివర నుంచి ఆ చివరకు కనబడాలి."

"ఎందుకు?" అంది, తెలిసే.

"ఎందుకేమిటక్కా! ఊరేగించి తగలబెడతాం. కాగితం మీద రంగులు పూసి కాలిస్తే ఎవడు చూస్తాడు? మీరు కుడితే దాని సంగతే వేరు. మన ఊరి దెబ్బ ఏమిటో టీవీలో కనబడాలి."

కాదనాలంటే ఆమె నోరు తెరవగలిగేదే. తెరవలేదు. పైగా, వాళ్ళు తెచ్చిన నైలాను గుడ్డ వేళ్ళతో నలిపి చూసి, "ఇది పనికిరాదు బాబూ. ఇది మండదు, కరిగి చేతుల మీద కారుతుంది. నూలు గుడ్డ తెండి, చక్కగా అంటుకుంటుంది" అంది.

"చూశారా? అందుకే అక్క దగ్గరికి వెళ్దామన్నాను!" అన్నాడు కార్యదర్శి పక్కవాళ్ళతో. ఆమెకు సంతోషమే అయింది.

మధ్యాహ్నం భోజనం తెచ్చిన కూతురు, బల్ల మీద పరిచిన నీలం గుడ్డ చూసి ఆగిపోయింది. ఆ అమ్మాయి రేవు ఆఫీసులో గుమాస్తా.

"అమ్మా, ఇది కాల్చడానికేగా?"

"కుట్టడం వరకే నా పని. ఆ తర్వాత వాళ్ళిష్టం."

"మరి కాల్చేదానికి మూడు మడతలెందుకు?"

"చేతికి అలవాటు" అంది జెండాలమ్మ, తల ఎత్తకుండా.

"నర్సమ్మ కోటు దీని కిందే ఉంది, చూసుకో" అని కూతురు వెళ్ళిపోయింది. జెండాలమ్మ కోటు తీసి అరలో పెట్టి, మళ్ళీ మిషను దగ్గర కూర్చుంది.

ఊరేగింపు రేవు ఆఫీసు దాకా పోతుందనే ఆమె అనుకుంది. సాయంత్రం ఎండ తగ్గాక డప్పులూ కేకలూ వినబడితే దుకాణానికి తాళం వేసి తనూ వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందంటే, తన జెండా అంతమంది చేతుల మీద ఎలా కనబడుతుందో చూడాలనిపించింది. అంతకుమించి కారణం లేదు.

జనం రేవు వైపు తిరగలేదు. ఆఫీసు గేట్లు ముందే మూసేశారనీ, పోలీసులున్నారనీ ఎవరో అన్నారు. ఇంకెవరో, "ఆసుపత్రికి పదండి! వాళ్ళ మనిషి ఒకత్తి అక్కడ ఉందిగా!" అని అరిచారు. గుంపు అటు మళ్ళింది. జెండాలమ్మ మధ్యలో ఉంది. వెనక్కి తిరగాలంటే తిరగవచ్చు. గుంపుతో పాటే నడిచింది.

ఆసుపత్రి గేటు ముందు జెండా నాలుగు మూలలా పట్టుకుని పరిచారు. నిజంగానే గొప్పగా ఉంది. నీలం మీద తెల్లపట్టీ గీత గీసినట్టు ఉంది. కార్యదర్శి ప్రహరీ గోడ ఎక్కి నినాదాలిచ్చాడు. కింద ఆమె కనబడగానే చెయ్యెత్తి చూపించాడు.

"ఈ జెండా కుట్టింది ఎవరనుకున్నారు? మన జెండాలమ్మ! కాలిస్తే బాగా కాలాలని గుడ్డ కూడా తనే ఎంచి పెట్టింది! చప్పట్లు కొట్టండి!"

అందరూ ఆమె వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వింది. చెంగు సర్దుకుని, కొంచెం సిగ్గుపడుతూ, పెళ్ళిలో వంట బాగుందని మెచ్చుకున్నప్పుడు నవ్వినట్టు నవ్వింది. ఆ నవ్వుతోనే తల ఎత్తింది. మేడమీద వరండాలో నర్సమ్మ నిలబడి ఉంది. చేతిలో తడి దుప్పటి. గుంపును కాదు, జెండాలమ్మనే చూస్తోంది.

నవ్వు వెంటనే పోవాలి కదా. పోలేదు. ముఖం మీద అలాగే అతుక్కుపోయింది. నర్సమ్మ దుప్పటి వరండా తీగ మీద ఆరవేసి, ముడతలు సరిచేసి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాతే జెండా అంటుకుంది. నూలు గుడ్డ కదా, చక్కగా అంటుకుంది.

తర్వాత జరిగినవి చిన్న చిన్న విషయాలు. నర్సమ్మ చేత సూది వేయించుకోబోమని రోగులు కొందరు మొరాయించారు. మందు కలిపి ఇస్తే వాసన చూశారు. పైవాళ్ళు ఆమెను కొన్నాళ్ళు సామాన్ల గదికి మార్చి, ఆ తర్వాత దూరపు పట్నం ఆసుపత్రికి పంపేశారు. వెళ్ళేముందు ఆమె కోటు కోసం రాలేదు. ఆ చలిలో కోటు లేకుండానే బస్సు ఎక్కిందని కూతురు చెప్పింది.

"నువ్వు వెళ్ళి ఇచ్చి రావలసింది" అంది కూతురు.

"ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?" అంది తల్లి.

కోటు లోపలి గుడ్డ కుట్టడం ఎప్పుడో అయిపోయింది. అరలో ఉంది. ఎవరైనా జిప్పు కోసమో గుండీ కోసమో వస్తే, అది కనబడకుండా ముందు మరో బట్ట పెట్టేది. ఊళ్ళో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అనేవాళ్ళు లేకపోవడమే ఆమెకు ఊపిరాడనివ్వలేదు. పైగా, కనబడితే మెచ్చుకునేవారు. టీవీలో ఆమె నవ్వు కూడా వచ్చిందట. ఇస్త్రీ బాబాయి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట మొదలుపెట్టగానే ఆమె దారం తెగకపోయినా తెగినట్టు సూది మీదకి వంగేది.

ఏడాది దాటాక గాలి మళ్ళీ తిరిగింది. పడమటి దేశంలో ప్రభుత్వం మారింది. పాత ప్రభుత్వం తప్పు చేసిందన్నారు. మళ్ళీ ఒప్పందం, మళ్ళీ కరచాలనాలు, కార్ఖానాకు కొత్త షెడ్డు.

"నేను ముందే చెప్పానా లేదా? ఎంతైనా పాత స్నేహం!" అన్నాడు ఇస్త్రీ బాబాయి.

"నువ్వెప్పుడు చెప్పావు బాబాయ్?"

"పైకి చెప్పలేదులే. లోపల అనుకున్నాను."

వారం తిరక్కుండానే కార్యదర్శి వచ్చాడు. ఇప్పుడు అతను ఊరి స్వాగత సంఘంలో పెద్ద.

"అక్కా, వాళ్ళ జెండాలు కావాలి. వీధి పొడుగునా కట్టాలి. ఈసారి మంచి గుడ్డ."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఎక్కడా ఇబ్బంది లేదు.

"పోయినసారి నాతో కుట్టించింది గుర్తుందా బాబూ?"

"అప్పటి సంగతి అప్పుడే అక్కా. రాజకీయాలు. మనసులో పెట్టుకుంటామా ఏమిటి?"

"నేను కుట్టను."

అతను విస్తుపోయాడు. ఎంత చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. అతను వెళ్ళాక కూతురు, "మంచి పని చేశావమ్మా" అంది. జెండాలమ్మకు ఆ మెప్పు కూడా ముల్లులా గుచ్చుకుంది.

"ఏం మంచి? ఇప్పుడు కాదంటే నన్నెవరేమంటారు? కాదనవలసిన రోజున గుడ్డ ఎంచి పెట్టాను."

ఆ మర్నాడే కోటు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

పట్నం ఆసుపత్రిలో నర్సమ్మను కనుక్కోవడం కష్టం కాలేదు. మెట్ల కింద మందుల బండి తోసుకుంటూ ఎదురైంది. జుట్టు బాగా నెరిసింది. బండి ఆపింది గానీ "అక్కా" అనలేదు.

"కోటు" అంది జెండాలమ్మ, సంచి చాపి. దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో అదొక్కటే మిగిలింది.

నర్సమ్మ కోటు తీసుకుని బండి కింది అరలో పెట్టింది. పైన ఉన్న మందు సీసాలు ఒక్కొక్కటే సర్దింది.

"జెండా కాల్చారు, అది నాకు అంత బాధ లేదు" అంది నర్సమ్మ చివరికి. "మా వాళ్ళు చేసింది నాకూ నచ్చలేదు. నేనూ తిట్టాను. కానీ మీరు నవ్వారు."

"నవ్వాను."

"నన్ను చూసి నవ్వారా?"

"కాదు. నువ్వు కనబడకముందే నవ్వాను. అందరూ మెచ్చుకున్నారని."

"అంతేనా?"

"అంతే."

నర్సమ్మ బండి పిడిని చేత్తో తుడుస్తూ నిలబడింది. "మీకు మా మీద చాలా కోపం ఉంది అనుకున్నాను. కోపం ఉంటే నాకు అర్థమవుతుంది. ఇది చాలా చిన్న కారణం."

"అవును, చిన్నదే" అంది జెండాలమ్మ. ఆమె కళ్ళు నేల మీదే ఉన్నాయి. "పెద్ద కారణం ఏదైనా చెబుదామని దారంతా వెతికాను. దొరకలేదు."

పై అంతస్తు నుంచి ఎవరో నర్సమ్మను పిలిచారు. ఆమె బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. మళ్ళీ రమ్మనీ అనలేదు, రావద్దనీ అనలేదు.

జెండాలమ్మ మరుసటి నెల మళ్ళీ వెళ్ళింది. ఈసారి చేతిలో సాకు కూడా లేదు. రోగుల బంధువులు కూర్చునే బెంచీ మీద ఒక మూల కూర్చుంది. నర్సమ్మ అటూ ఇటూ తిరుగుతూ రెండు మూడుసార్లు చూసి, చూడనట్టే వెళ్ళింది. సాయంత్రం డ్యూటీ దిగాక వచ్చి ఎదురుగా నిలబడి, "టీ తాగుతారా?" అని అడిగింది.

ఆసుపత్రి ఎదుట దుకాణంలో నిలబడే తాగారు. నర్సమ్మ మోకాలి నొప్పి గురించి, జెండాలమ్మ కూతురి పెళ్ళి సంబంధం గురించి కొంచెం మాట్లాడుకున్నారు. ఆ తర్వాత కూడా ఆమె అప్పుడప్పుడూ వెళ్ళేది. జెండా కాల్చిన సాయంత్రం మాట ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. కానీ టీ అయ్యాక బస్సు కోసం నిలబడ్డప్పుడు, నర్సమ్మ నవ్వించే మాట ఏదైనా అంటే, జెండాలమ్మ తన నవ్వు కనబడకుండా తలవంచుకుని రోడ్డు వైపు చూసేది.