సోడా తొట్టిలో నాలుగు చక్రాలు

ఆ చక్రాలను ఎత్తింది నేనే. ఎత్తగానే అవి ఇనుము కాదని తెలిసిపోయింది. తెలిసీ నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత దాన్ని పొరపాటు అని చెప్పుకుంటే నాకే ఒళ్లు మండుతుంది.

ఎనభైల్లో మాట. నాయన తిరుపతిలో కార్లకు రంగు వేసే మేస్త్రి. రేణిగుంట రోడ్డులో ఎవరిదో షెడ్డులో జీవితమంతా రంగు చిమ్మే తుపాకీ పట్టుకుని కార్లకు కొట్టాడు. నేను ఆయన కిందే పని నేర్చుకున్నాను. నేర్చుకోవడమంటే తిట్లు తినడమే. ఒకరోజు ఒక అంబాసిడర్ తలుపు మీద నేను కొట్టిన రంగు కారింది. నాకు పెళ్లయి ఆరు నెలలు. అప్పుడే అన్నం క్యారియర్ పట్టుకొచ్చిన నా భార్య అక్కడే నిలబడి ఉంది. టీ అంగడి దగ్గర జనం చూస్తున్నారు. నాయన వచ్చి చెంప మీద ఒక్కటి పీకాడు.

"ఈ నా కొడుక్కి సేతిలో విద్య లేదు. నోట్లో నాలుక మాత్రం మూరెడు ఉండాది" అన్నాడు.

సరే, ఆ నాలుక ఇక నీకెందుకులే అనుకున్నాను. ఆ రోజు నుంచి పనిలో ఆయన అడిగినదానికి ఊ, ఆ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. పౌరుషమట! ఇప్పుడు తలచుకుంటే థూ అనిపిస్తుంది.

అప్పుడే తిరుచానూరు దారిలో లాడ్జి నడిపే ఒకాయనకు అలాయ్ చక్రాల పిచ్చి పట్టింది. మద్రాసులో ఏ సినిమావాళ్ల కారుకో చూశాడట. తన ఫియట్‌కు అట్లాంటివే కావాలన్నాడు. కొత్తవి ఎక్కడ దొరుకుతాయి ఆ కాలంలో? విదేశీ కార్ల నుంచి ఊడదీసినవి మద్రాసు పాత సామాన్ల అంగళ్లలో ఉంటాయి. నాయనను పిలిపించాడు.

"మేస్త్రీ, పాతవి తెచ్చి, బిగించి, కొత్తవాటి మాదిరి మెరిపించి ఇయ్యి. లాడ్జి ఎనకాల రేకుల షెడ్డు ఖాళీగా ఉండాది గదా, అది నీకే. నా కార్లన్నీ ఆడ్నే సూసుకో" అన్నాడు.

నాయనకు సొంత షెడ్డు కావాలి. ఆయన ఇంకేమీ కోరగా నేను చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పించి ఆ రేకుల షెడ్డుకు పోయి, ఆ గోడ నుంచి ఈ గోడకు అడుగులేసి కొలిచాడు. తుపాకీ ఎక్కడ తగిలించాలో, పాత రంగు వదిలించే సోడా తొట్టి ఎక్కడ పెట్టాలో తనలో తనే గొణుక్కున్నాడు. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మద్రాసుకు ఇద్దరం పోయాం. అంగడిలో నాయన ఒక్కో చక్రాన్నీ వేళ్ల కణుపులతో తట్టి, చెవి పెట్టి విని, పగులు లేనివి నాలుగు ఏరాడు. ఆయనకు నడుము నొప్పి, బరువులు ఎత్తడు. బస్సు పైకి ఎక్కించింది నేను. మన ఇనుప చక్రంలో సగం బరువు కూడా లేవు. అంగడివాడు తమిళంలో 'ఫారిన్ అలాయ్, ఫారిన్ అలాయ్' అని పది సార్లు అన్నాడు. నాయన బస్సులో కూర్చుని, "ఫారిన్ ఉక్కు" అని మురిసిపోయాడు.

తెచ్చి బిగించి చూస్తే నడిమి రంధ్రం కొంచెం బిగుతు. లేతు మిషను అంగడికి తీసుకుపోయి తోడించుకు రమ్మని నన్ను పంపాడు. లేతు మీద పెట్టగానే తెల్లటి పొట్టు సన్నగా చుట్టలు తిరుగుతూ రాలింది.

"ఇది సిల్వరప్పా. గిన్నెలు పోస్తారే, అదే" అన్నాడు లేతు ఆయన.

అల్యూమినియాన్ని మా వైపు సిల్వర్ అనే అంటాం. నేను ఆ పొట్టు ఒక చుట్ట చొక్కా జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నన్నడిగితే, నాయనకు చూపించడానికే. చూపించలేదు.

ఇక మిగిలింది వాటి మీద ఎవడో పూసిన బంగారు రంగు వదిలించి మెరుగు పెట్టడమే. మేం పనిచేసే షెడ్డులో సగానికి కోసిన డ్రమ్ము ఉండేది. దాంట్లో కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లు. ఇనుప సామాను ఏదైనా అందులో వేసి తీస్తే పాత రంగు పొరలు పొరలుగా ఊడివస్తుంది. నేను కొక్కేనికి చక్రం తగిలిస్తే, నాయన కప్పీ గొలుసు వదులుతూ తొట్టిలోకి దించాడు. బుస్సుమని పొంగింది.

"సూడు, రంగు ఎట్ల లేస్తాండాదో!" అన్నాడు నాయన. చెంపదెబ్బ తర్వాత నా మొహం చూసి ఆయన నవ్వడం అదే మొదటిసారి. మిగతా మూడూ వరసగా దించాడు.

మొదటిది పొంగినప్పుడైనా చెప్పి ఉండొచ్చు. మూడు చక్రాలు మిగిలేవి. పెళ్లైన కొత్తలో నా భార్య సిల్వర్ గిన్నెను చాకలి సోడాతో తోమితే నల్లగా మాడిపోయింది. ఇసుక పెట్టి రుద్దింది నేనే. నాకు తెలియక కాదు. అన్నీ తెలిసిన మేస్త్రి కదా, తెలుసుకోనీలే అనుకున్నాను.

పైకి తీస్తే నాలుగూ బొగ్గులు. ఒళ్లంతా గుంటలు, బోల్టు రంధ్రాల అంచులను సోడా తినేసింది. నాయన నీళ్లు పోసి కడిగాడు, చింతపండు వేసి తోమాడు, మళ్లీ కడిగాడు. చాలాసేపు అట్లనే కడుగుతూ కూర్చున్నాడు.

ఇంటికి పోయాక అమ్మ నా చొక్కా ఉతకబోతూ జేబులోంచి ఆ చుట్ట తీసింది.

"ఇదేందిరా, సిల్వర్ పొట్టు యాడిది?"

నాయన లేచి వచ్చి దాన్ని తీసుకుని, గోటితో వంచి చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. పొట్టును కిటికీలో పెట్టి అన్నానికి కూర్చున్నాడు.

మర్నాడు లాడ్జి ఆయన వచ్చి చక్రాలు చూసి నోటికొచ్చినట్టు తిట్టాడు. నాయన తల వంచుకుని అంతా విన్నాడు. ఆ తర్వాత చెయ్యి ఎత్తి నన్ను చూపించాడు.

"సామీ, వాడు వద్దనే అన్నాడు. ఇది సిల్వరు నాయనా, సోడాలో ఏసొద్దు అన్నాడు. నేనే ఇనలేదు. నాకు వయసైపోయింది. వాడి సేతిలో విద్య ఉండాది సామీ. ఆ షెడ్డు వాడికియ్యి."

అప్పుడైనా నోరు తెరిచానా? లేదు. లాడ్జి ఆయన నన్ను ఎగాదిగా చూసి, సరే, పనిచేసి చూపించు అన్నాడు. నేను తలాడించాను.

ఆ రేకుల షెడ్డులోనే నా సంసారం నడిచింది. నాయన మళ్లీ తుపాకీ పట్టలేదు. షెడ్డు తెరిచిన రోజు మాత్రం వచ్చి, గుమ్మం బయటే నిలబడి లోపలికి చూశాడు.

"సోడా తొట్టి యాడ పెట్టినావు?"

"పెట్టలేదు నాయనా."

"పెట్టుకో. ఇనుముకు కావాల" అన్నాడు. "దాంట్లో ఏమేసేదో నీకు తెలుసు గదా."

అని వెనక్కి తిరిగి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.