చుక్క కారని తొడుగు

కొవ్వూరులో గోదావరి వంతెన ఎక్కే రోడ్డు పక్కన, రేకుల పాక ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చునే యెహెజ్కేలుకి అప్పటికి యాభై రెండేళ్ళు. పాత లారీ టైర్లు కోసి, నూతిలో నీళ్ళు తోడే బొక్కెనలు కుట్టడం అతని పని. తండ్రి తోలుతో, ఎడ్లు లాగే మోట బానలు కుట్టేవాడు. కొడుకు చేతికి వచ్చేసరికి తోలు పోయి రబ్బరు వచ్చింది గాని పనిముట్లు మారలేదు. తడిపి కోసే కత్తి, కుట్టుకి కన్నం పొడిచే ఆరె, కింద పెట్టుకునే చింతమొద్దు, అంతే.

ఒక విషయంలో మాత్రం యెహెజ్కేలుకి కాస్త గర్వం ఉండేది. ఉండాలి కూడా. కుట్టిన ప్రతి బొక్కెననీ నీళ్ళతో నింపి పాక ముందు వాసానికి పొద్దున్న వేలాడదీసేవాడు. కింద నేల మీద పొడి బూడిద పలచగా చల్లేవాడు. సాయంత్రానికి బూడిదలో ఒక్క తడి మచ్చ కనబడినా ఆ బొక్కెన అమ్మేవాడు కాదు. కుట్టంతా విప్పి, అంచు మీద అంచు వేసి, ట్యూబులకు పంక్చర్లేసే సొల్యూషన్ రాసి, మళ్ళీ కుట్టేవాడు. "చుక్క కారదండి" అని అతను చెబితే ఆ చుట్టుపక్కల ఎవరూ రెండో మాట అడిగేవారు కాదు.

అయితే నూతులే లేనప్పుడు బొక్కెన కారితేనేం, కారకపోతేనేం. తొంభై ఏడు నాటికి వీధికి నాలుగు బోర్లు పడ్డాయి. సంతలో ప్లాస్టిక్ బకెట్లు గుట్టలు పోసి అమ్ముతున్నారు. వారానికి ఒక బొక్కెన అమ్ముడుపోతే గొప్ప. భార్య సువార్తమ్మ చూసి చూసి, భీమవరం అవతల రొయ్యల చెరువుల మీద కాపలా పని మాట్లాడింది. ఇద్దరికీ పని, గట్టు మీద పాక, బియ్యం వాళ్ళే ఇస్తారట. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. యెహెజ్కేలు మాత్రం ఆ మాట వస్తే లేచి బయటికి పోయేవాడు. నలభై ఏళ్ళు ఆరె పట్టుకున్న చెయ్యి, టార్చిలైటు పట్టుకుని కొంగల్ని తోలుతూ ముసలిదైపోవడం అతను ఊహించుకోలేకపోయాడు. ఇవాళ, రేపు అంటూ రెండు నెలలు నెట్టుకొచ్చాడు.

అలాంటి రోజుల్లో ఒక బస్సు వెనక్కి వస్తూ వస్తూ అతని బొక్కెన మీదికి ఎక్కేసింది.

అది మామూలు బస్సు కాదు. ఊరి పక్కనే పొలాలున్న చంద్రరావుగారిది. ఆయన భార్యకి మోకాళ్ళ నొప్పులు. సత్రాల్లో మెట్లెక్కలేదు, కింద పడుకోలేదు, యాత్రలకి వెళ్ళాలన్న కోరిక మాత్రం చావలేదు. చంద్రరావుగారు పాత బస్సొకటి కొని, రాజమండ్రిలో బాడీ కట్టే షెడ్డులో పెట్టి, లోపల మంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, ఆఖరికి కవ్వం తగిలించుకునే మేకుతో సహా పెట్టించారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఇంటిబండి అనేవారు. ఆషాఢంలో రథయాత్రకి పూరీ వెళ్ళాలని ముహూర్తం కూడా పెట్టేసుకున్నారు. అంతా బాగానే ఉంది, అద్దాలతోనే వచ్చింది చిక్కు.

చంద్రరావుగారు ఏదో పుస్తకంలో బొమ్మ చూసి, ఇంటిబండికి రెండు పక్కలా మూరెడేసి అద్దాలు మద్రాసు నుంచి తెప్పించారు. అవి వంకర గొట్టం చివర చెవుల్లా బయటికి నిక్కి ఉండేవి. మన వంతెన సంగతి తెలిసిందే కదా. కింద రైలు, పైన రోడ్డు. ఆ రోడ్డు మీద రెండు పెద్ద బళ్ళు ఎదురుపడితే డ్రైవర్లు ఊపిరి బిగబట్టుకుని పోవలసిందే. మూడు వారాల్లో రెండుసార్లు కుడి పక్క అద్దం భళ్ళుమంది. మద్రాసు నుంచి మూడో అద్దం వచ్చేలోగా తొడుగుల వేట మొదలైంది. దర్జీ కుట్టిన రెక్సిన్ సంచి దుమ్ము ఆపింది గాని దెబ్బ ఆపదని చూడగానే తెలిసిపోయింది. విజయవాడ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ తొడుగులు దేవరపల్లి దాటకుండానే గాలికి ఎగిరిపోయాయి. డ్రైవరు దొరబాబు కొబ్బరితాడు చుడదామన్నాడు. చంద్రరావుగారు ఒక చూపు చూసి ఊరుకున్నారు.

ఆ రోజు పాక పక్కనున్న టీ కొట్టు దగ్గర బండి తిప్పుతున్నాడు దొరబాబు. కుడి పక్క అద్దం లేదు. వెనక చక్రం యెహెజ్కేలు అమ్మకానికి పెట్టుకున్న బొక్కెన మీద నుంచి పోయింది.

దొరబాబు గభాలున దిగి వచ్చాడు. "చూసుకోలేదు బాబాయ్, అద్దం లేదు కదా, ఏమనుకోకు" అంటుండగానే అప్పచ్చిలా అణిగిపోయిన బొక్కెన మెల్లగా ఒళ్ళు విరుచుకుని మళ్ళీ బొక్కెనయింది. వెనకే దిగిన చంద్రరావుగారు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు.

"ఏంటయ్యా యెహెజ్కేలూ, దీంతో అద్దానికి తొడుగు కుట్టగలవా?"

"ఏ అద్దానికండి?"

"బండి అద్దానికి. వెనకంతా కప్పాలి. ముందు గాజు కనబడాలి. ఎదుటి బండి తగిలితే దెబ్బ నీ రబ్బరు తినాలి, నా అద్దం కాదు."

"ఆయ్, కుడతానండి" అన్నాడు యెహెజ్కేలు. ఎలా కుట్టాలో అప్పటికి అతనికి ఏమీ తెలియదు.

ఆ సాయంత్రం సువార్తమ్మ బియ్యం ఏరుతూ అడిగింది. "చెరువులోళ్ళు కబురెట్టారు. వస్తారా రారా అంటున్నారు. ఏం చెప్పమంటావు?"

"పూరీ బండి బయల్దేరేదాకా ఆగవే. ఈ తొడుగు నిలబడితే ఇక్కడే ఉందాం. టీ కొట్టు కాడ లారీవోళ్ళందరూ చూస్తన్నారు, వాళ్ళవీ రోజూ పగిలేవే. నిలబడకపోతే కత్తి కడిగి మూటలో పెట్టేస్తాను. నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

సువార్తమ్మ చేట దగ్గరికి లాక్కుంది. మెరికలు ఏరుకుంటూ కూర్చుంది.

మర్నాటి నుంచి యెహెజ్కేలుకి తిండి ధ్యాస లేదు. సిమెంటు బస్తా కాగితం మిగిలిన ఎడమ అద్దం వెనక చుట్టి, బొగ్గుతో గీత గీసి కొలత తీశాడు. మొదటిది టైరుతోనే కోశాడు. రాయిలా ఉంది, దెబ్బకి బెదరదు, కాని బరువుకి అద్దం తల వేలాడేసింది. రెండోది ట్యూబుతో కుట్టాడు. బరువు లేదు గాని గాలికి చెవి ఆడించినట్టు టపటపలాడింది. అద్దంలో వెనక వచ్చే సైకిలు రెండు సైకిళ్ళయింది. దొరబాబు నవ్వితే యెహెజ్కేలు నవ్వలేదు. పాకలోకి వెళ్ళి పాత సామాను గుట్టంతా కిందా మీదా చేసి, ట్యూబుకీ చక్రానికీ మధ్య వేసే ఫ్లాపు ఒకటి పైకి లాగాడు. టైరంత మొండిగా ఉండదు, ట్యూబంత మెత్తగా ఉండదు, పైగా దానికి పుట్టుకతోనే వంపు ఉంటుంది. "ఇన్నాళ్ళూ నువ్విక్కడే ఉన్నావా" అని దాంతోనే మాట్లాడాడు.

రెండు రోజుల్లో రెండు తొడుగులు తయారయ్యాయి. ఈలోగా మద్రాసు నుంచి మూడో అద్దమూ వచ్చింది. వెనక నుంచి తొడిగితే అంచు వేలెడు వెడల్పున ముందుకి మడతపడి గాజు చుట్టూ పట్టుకుంటుంది. పైన గొట్టం దూరడానికి కన్నం. ప్రతి కుట్టూ అంచు మీద అంచు వేసి, సొల్యూషన్ రాసి, రెండు వరసలు కుట్టాడు. తగిలించి, గట్టిగా గుద్ది చూశాడు. అద్దం కదిలి మళ్ళీ తన చోటికి వచ్చింది. చంద్రరావుగారు భుజం తట్టారు. యెహెజ్కేలుకి కడుపు నిండిపోయింది.

ఆ మర్నాడు వాన పట్టుకుంది. దొరబాబు బండి తీసుకుని నిడదవోలు దాకా వెళ్ళి వచ్చి, పాక ముందు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బాబాయ్, అద్దంలో రోడ్డు కనబడట్లేదు. నా టైరు కనబడతంది."

చూస్తే రెండు అద్దాలూ తల వంచుకుని నేల చూస్తున్నాయి. యెహెజ్కేలు అంచు విప్పేసరికి లోపలి నుంచి చెంబెడు నీళ్ళు మోచేతి మీదుగా జారి కింద పడ్డాయి. గొట్టం కన్నంలోంచి వాన లోపలికి దిగింది. దిగిన నీళ్ళు బయటికి పోవడానికి దారి లేదు. ఉండదు మరి, కుట్టింది ఎవరు?

గొడుగు కింద నిలబడ్డ చంద్రరావుగారు నిట్టూర్చారు. "అద్దానికి తొడుగు కుట్టమంటే బొక్కెన కుట్టావయ్యా. ఎల్లుండి ప్రయాణం. అద్దం వెనక కళాయి నానిపోతే దారిలో నాకెవడిస్తాడు ఇంకోటి?"

టీ కొట్టు దగ్గర లారీవాళ్ళు పకపక నవ్వారు. యెహెజ్కేలు ముఖం చిన్నబోయింది. సిగ్గుగా ఉంది, అంతకన్నా ఎక్కువ కోపంగా ఉంది, అదీ తన మీదే. చుక్క కారకుండా కుట్టమని తననెవరూ అడగలేదు. చెయ్యి అడగకుండానే కుట్టేసింది.

"రేపు సాయంత్రానికి ఇచ్చేస్తానండి" అన్నాడు.

"ఏం చేస్తావు?"

"చెయ్యాల్సింది చేస్తానండి."

ఏం చెయ్యాలో ఈసారి తెలుసు. తెలియడం వేరు, చెయ్యడం వేరు. సాయంత్రం పొయ్యిలో ఇనప చువ్వ ఎర్రగా కాలుతోంది. యెహెజ్కేలు తొడుగుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని అడుగు భాగం వైపు చూస్తూ కూర్చున్నాడు. జీవితంలో ఎన్ని బొక్కెనలు కుట్టాడో లెక్క లేదు. ఒక్కదానికీ చిల్లు ఉండనివ్వలేదు. తండ్రి చచ్చిపోయే ముందు కూడా మంచం మీద నుంచి "కారతందేమో చూడరా" అనే అన్నాడు. ఇప్పుడు ఇంత బాగా వచ్చిన కుట్టుకి తన చేత్తోనే చిల్లు పెట్టాలి. చువ్వ తీశాడు, చల్లారిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ చల్లారింది.

సువార్తమ్మ గుమ్మంలో చేప తోముతూ అంతా చూస్తూనే ఉంది.

మూడోసారి చువ్వ తీసి, కళ్ళు మూసుకోకుండా, అడుగున గుచ్చేశాడు. చుయ్యిమని పొగ లేచింది. కాలిన రబ్బరు కంపుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయో, మరెందుకు తిరిగాయో. ఒకటి, రెండు, మూడు. రెండో తొడుగుకీ మూడు. తరువాత చెంబుతో పైనుంచి నీళ్ళు పోశాడు. నీళ్ళు మూడు ధారలుగా కారిపోయాయి. ఎక్కడా నిలవలేదు. మరో చెంబు పోశాడు. అదీ కారిపోయింది. యెహెజ్కేలు లేచి, ఒళ్ళు దులుపుకుని, రెంటినీ గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. సువార్తమ్మ చేతులు కడుక్కుని, ఇప్పుడే వస్తానని వీధిలోకి వెళ్ళింది.

మర్నాడు తొడుగులు మళ్ళీ తగిలించాడు. ఆ పై రోజు పొద్దున్నే ఇంటిబండి కదిలింది. అప్పటికే సన్నగా వాన పడుతోంది. "వంతెన దాటేదాకా నువ్వూ రావయ్యా" అన్నారు చంద్రరావుగారు. యెహెజ్కేలు డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. వంతెన మధ్యకి వచ్చేసరికి ఎదురుగా కొబ్బరిపీచు లారీ వచ్చింది. లోడు రెండు పక్కలా పొట్ట పెంచుకుని ఉంది. దొరబాబు ఎడమకి కోసినంత కోశాడు, ఇంక రెయిలింగే. చంద్రరావుగారి భార్య జగన్నాథుణ్ణి తలుచుకుంది. యెహెజ్కేలు ఎవర్నీ తలుచుకోలేదు, కుడి అద్దాన్నే చూస్తున్నాడు.

దభీమని చప్పుడయింది. అద్దం వెనక్కి విరుచుకుని కిటికీకి కొట్టుకుంది. లారీ ఆగకుండా పోయింది.

దొరబాబు బండి ఆపి, చెయ్యి బయటపెట్టి అద్దాన్ని ముందుకి లాగాడు. గాజు మీద గీత కూడా లేదు. అందులో వెళ్ళిపోతున్న లారీ వెనక భాగం, దాని వెనక తడిసిన వంతెన, బాగా దూరంలో కొవ్వూరు ఒడ్డు స్పష్టంగా కనబడ్డాయి. తొడుగు మీద మాత్రం తెల్లటి గీరు పడింది. అడుగు నుంచి వాననీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

"కారతంది బాబాయ్" అన్నాడు దొరబాబు.

"కారాలి" అన్నాడు యెహెజ్కేలు.

రాజమండ్రి వైపు దిగి, బండి కనుమరుగయ్యేదాకా నిలబడి, వానలోనే వంతెన మీద నడిచి ఇంటికి వచ్చాడు. సంతోషం పట్టలేక బస్సెక్కడం కూడా మరిచిపోయాడు. సువార్తమ్మ తువ్వాలు అందించింది. అద్దం సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పి, తల తుడుచుకుంటూ కొంచెం బెరుగ్గా అన్నాడు. "అయితే మరి చెరువులోళ్ళకి రామని చెప్పాలి కదా. నువ్వు మాట్లాడిన పని. ఏమనుకుంటారో."

"చెప్పేశానుగా."

"ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం. నువ్వు చిల్లులెట్టాక ఎస్టీడీ బూత్ కాడికెళ్ళి ఫోన్ చేశాను."

"అప్పటికింకా బండే కదల్లేదు కదే. అద్దం పగిలిపోయుంటే?"

"పగిలితే ఇంకోటి కుట్టేవోడివి" అంది సువార్తమ్మ, పొయ్యి మీద టీ చూసుకుంటూ.

యెహెజ్కేలు తువ్వాలు భుజాన వేసుకుని పొయ్యి పక్కన చతికిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఆ పాకలో పట్టుదల ఉన్నది తనొక్కడికే అనుకున్నాడు, పిచ్చివాడు.