గేటు దగ్గర ఆరు కప్పలు

ఆ రోజుల్లో మెర్డెకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, ఇంకా రాలేదు, కమ్యూనిస్టుల తిరుగుబాటుకి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా పోలేదు. సుంగై పెటాని ఊరి పక్కన మా రబ్బరు ఎస్టేటు చుట్టూ ముళ్లకంచె మాత్రం దిట్టంగా ఉండేది. అడవిలో దాక్కున్న తిరుగుబాటువాళ్లకి అందుతుందని గేటు దాటి గుప్పెడు బియ్యం పోనిచ్చేవారు కాదు. కొట్లో సీలేసిన తిండి డబ్బా కొంటే, దాచిపెట్టడానికి వీల్లేకుండా అక్కడే చిల్లు పొడిచి ఇచ్చేవారు. అలాంటి కాలంలో ఎస్టేటు గుమస్తాగారి కూతురు, అంటే మా చెల్లి, సింగపూర్‌లో యూనివర్సిటీకెక్కింది. (గుమస్తాగారి కొడుకు, అంటే నేను, ఐదో తరగతికి నమస్కారం పెట్టేసి ఎస్టేటు లారీ ఎక్కాను.)

జీవశాస్త్రం మొదలుపెట్టే ముందు పునాది ఏడాది అని ఒకటుందట. అది తప్పితే ఇంటికి పంపేస్తారట. సెలవులకొచ్చిన చెల్లి తిరిగి వెళ్లే ముందు దిగులుగా కూర్చుంది. "అన్నియ్యా, పరీక్షలో కప్పని కోసి గుండె సూపించాల. నాకు సెయ్యి వణుకుతోంది. అక్కడ మనిషికొక్క కప్పే ఇచ్చినారు. ఇంకో నాలుగు కోస్తేగానీ రాదు."

"నాలుగేటి, ఆరు తెస్తాను!" అన్నాను. చదువు విషయంలో నా సాయం ఒకరికి కావలసి రావడం అదే మొదలు మరి.

కాలవలో ఆరింటిని పట్టి బిస్కెట్ డబ్బాలో వేసి, మూతకి మేకుతో చిల్లులు పొడిచాను. కప్పలకి గాలీ ఆడుతుంది, చిల్లు చూసి గేటువాళ్లూ సంతోషిస్తారని నా లెక్క. చెల్లిని లారీలో రైలు స్టేషనుకి తీసుకెళ్తుంటే, గేటు దగ్గర మలాయ్ పోలీసు ఆపి డబ్బా ఊపాడు. లోపల్నుంచి ఎవరో తిరిగి ఊపారు. "ఏమిటిది? తిండా?" అన్నాడు. "తిండి కాదు అబాంగ్, చదువు" అన్నాను. (అబాంగ్ అంటే అన్న, అన్న అంటే మెత్తబడతాడని ఆశ.)

"కప్ప చదువుకుంటుందా?"

"నాకన్నా రెండు తరగతులు ఎక్కువే చదివేట్టుంది."

అతను నవ్వలేదు. "అడవిలోవాళ్లు కప్పల్ని తింటారు. తినేదేదైనా తిండే. డబ్బా ఇక్కడే ఉంటుంది, నువ్వూ ఇక్కడే ఉంటావు." రైలుకి గంట కూడా లేదు. నా తెలివితో చెల్లి చదువుకి గేటు దగ్గరే గండం తెచ్చిపెట్టాను.

చెల్లి లారీ దిగింది. "నువ్వూరుకో అన్నియ్యా" అని పెట్టెలోంచి మత్తుమందు సీసా, కత్తెర, గుండుసూదులు తీసి, పోలీసు రిజిస్టరు పక్కనే కోత చెక్క పెట్టింది. మందు వాసనకి ఒక కప్ప సొమ్మసిల్లింది. "వంటకి ఎవరైనా ఇలా కోస్తారా, చూడండి" అంటూ మలాయ్‌లో చెబుతూ కోసేసింది. చెయ్యి వణకలేదు, కోపానికి వణుకుని పోగొట్టే గుణం ఉందని అప్పుడే చూశాను. "ఇదిగో గుండె, ఇంకా కొట్టుకుంటోంది. దీనికి మూడు గదులు. మనకి నాలుగు." కాపలావాళ్లంతా తుపాకులు గోడకానించి బడిపిల్లల్లా వంగి చూశారు. ఆ పిల్ల మా చెల్లి అని నేను ఛాతీ విరుచుకుని, నేనూ వంగి చూశాను.

కళ్లు తెరిచేసరికి నేల మీదున్నాను. ఆ పోలీసే రిజిస్టరుతో నాకు విసురుతూ, "మిగతా ఐదూ వెళ్లొచ్చు. ఈయన లారీ తోలగలడా?" అని చెల్లిని అడుగుతున్నాడు.

తోలాను. రైలు అందింది. చెల్లి పునాది ఏడాది దాటింది, జీవశాస్త్రమూ దాటింది, మెర్డెకా వచ్చాక ఎందరికో పాఠాలు చెప్పింది. తన మొదటి క్లాసు ఎస్టేటు గేటు దగ్గర జరిగిందని అందరికీ చెప్పేది. నన్నెవరైనా ఎంతవరకు చదివారని అడిగితే, "యూనివర్సిటీ పునాది ఏడాదిలో అరక్లాసు" అని ఇప్పటికీ దర్జాగా చెబుతాను. మరెందుకు మానేశారంటే, కళ్లు తిరిగాయంటాను.