పాత డబ్బాలో మా బావ

పోయిన నెల మా కొట్లో పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టించిన రోజున, బారువ దగ్గర పల్లెలో ఉండే మా అక్క పొద్దున్నే ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా ఒక్క మాట చెప్పి పెట్టేసింది: "ఒరే, ఆ డబ్బాలో మీ బావున్నాడు. జాగర్తగా దింపించు."

బావ పోయి కొన్నేళ్లయింది. డబ్బాలో ఉన్నవి ఆయన నాకు రాసిన ఈమెయిళ్లు. నా వయసు వాళ్లకి తెలుసు, ఒకప్పుడు మెయిల్ అంటే మన కంప్యూటర్‌లోకి దింపుకుని దాచుకునే వస్తువు. పైన కంపెనీవాళ్ల దగ్గర కూడా ఒక నకలు ఉంచే ఏర్పాటు ఉండేది గానీ, దానికి అద్దె ఎక్కువని తెలిసి, దింపుకోగానే అక్కడ చెరిగిపోయేలా పెట్టించుకున్న తెలివి నాది. అందుచేత బావ రాసిన తిట్లన్నీ ఈ భూమ్మీద ఒక్క చోటే ఉండేవి, పలాసలో, జీడిపప్పు డబ్బాల మధ్య, మా కొట్టు బల్ల కింద. ఆయన వైపు నుంచి తీద్దామంటే ఆయన పాస్‌వర్డ్ ఆయనతోనే పోయింది.

తిట్లు అని తెలిసే అన్నాను. అసలు ఆయన మా ఇంటికి అల్లుడైన తీరు చెబితే గాని ఆ తిట్ల రుచి తెలియదు, దానికంటే ముందు మా నాన్న వ్యాపారం చేసే పద్ధతి చెప్పాలి. కొనదలచిన సరుకు వైపు కన్నెత్తి చూడకూడదన్నది మా నాన్న నాకు నేర్పిన మొత్తం చదువు. జీడి పిక్కలు కొనడానికి ఉద్దానం తోటల్లోకి వెళ్లినప్పుడు, రైతు వాకిట్లో మంచి పిక్కల రాశి కనబడితే చాలు, దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. కొబ్బరి కాపు అడిగేవాడు, ఆవు ఈనిందా అని అడిగేవాడు, రైతు తల్లి మోకాళ్ల నొప్పులకి ఏ ఆకు కట్టాలో చెప్పేవాడు, చివరికి చెప్పుల్లో కాళ్లు పెట్టాక, అప్పుడే కంటపడినట్టు, "ఆ మూలనున్నవేటి, పిక్కలేనా? వాననీరు తగిలినట్టుందే, పాపం" అనేవాడు. ఆ పాపం అన్న మాటకి రైతు సగం చల్లబడిపోయేవాడు. ఆ రక్తమే నాలోనూ ప్రవహించింది. ఈనాటికీ మా ఇంట్లో వడియాలు తినాలనిపిస్తే నేను ముందు అప్పడాల గురించి విచారిస్తాను.

అక్కకి సంబంధం చూసినప్పుడు ఉద్దానంలో బడిపంతులుగా ఉన్న ఆ కుర్రవాడు మా నాన్నకి తెగ నచ్చేశాడు. నచ్చేశాడు కాబట్టే ఆయన వైపు చూడలేదు. ఇంటి పెంకుల గురించి, నూతిలో నీళ్ల గురించి అడిగాడు, పెళ్లికొడుకుతో పట్టుమని పది మాటలు మాట్లాడకుండా ముహూర్తం పెట్టించుకున్నాడు. అతనికి నోరు ఉందని, అది నోరు కాదు కత్తిపీట అని, పీటల మీద తెలిసింది. కాళ్లు కడుగుతున్న మా నాన్నతో, పదిమందీ వింటుండగా, "మావా, ఇప్పుడైనా నా మొగం సూత్తావా, ఇంటికి పట్టుకెళ్లి తీరుబడిగా సూసుకుంటావా?" అన్నాడు. మా అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు నాకింకా గుర్తు.

దూరాల కొనుగోలుదార్లు మెయిల్ ఉంటేనే మాట్లాడతామని పట్టుబట్టిన కాలంలో, మా వరసలో కంప్యూటర్ పెట్టిన మొదటి కొట్టు మాదే. బావ బడిలో పిల్లలకి నేర్పాలని తనే ముందు కూర్చుని నేర్చుకుని, ఇంట్లోనూ ఒకటి పెట్టుకున్నాడు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేవాడు. నాకు వచ్చిన మొట్టమొదటి మెయిల్ ఆయనదే: "నువ్వు కంప్యూటర్ కొన్నావని విన్నాను. నువ్వు కొన్నావంటే అది ఈపాటికి ఎవరింట్లోనో చచ్చి ఉంటుంది, దినవారాలు నీ దగ్గర చేయిస్తున్నారు." నేనూ తక్కువ తినలేదు, ఆయన జీతం మీద, బట్టతల మీద రాసేవాణ్ణి. ఎదురుపడితే ఇద్దరం కూరగాయల ధరలు మాట్లాడుకునేవాళ్లం, తిట్టుకోవడమంతా మెయిల్లోనే.

తరవాత ఆయన కిడ్నీలు పోయాయి. ఇంటింటా ఉన్న జబ్బే కాబట్టి ఈ మాట చెప్పడానికి మా ఉద్దానంలో ఎవరూ గొంతు తగ్గించరు, పక్కింటి పెళ్లి కబురులా చెప్పుకుంటారు. రోజు మార్చి రోజు రక్తం శుద్ధి చేయించుకుని వచ్చేవాడు, వచ్చి, ఓపిక ఉన్నా లేకపోయినా నాకు రాసేవాడు. "ఇవాళ కూడా నా రక్తం ఉతికి ఆరేశారు. నీ మనసు పంపించు, ఆ మిషన్ తట్టుకుంటుందో లేదో చూద్దాం." ఉప్పు మానమన్నాక, "మీ అక్క నీళ్లలో నీళ్లు పోసి ఉడికించింది, తాలింపు కూడా నీళ్లతోనే పెట్టింది" అని రాశాడు. అక్క ఒకరోజు ఆయన పక్కన కూర్చుని ఏడిస్తే, "ఆ రాగం విన్నాక చావంటే భయం పోయింది" అని రాశాడు. ఆఖరి రోజుల్లో వచ్చినది నాకు అక్షరం తప్పకుండా వచ్చు: "పాడెకి వెదుళ్లు కొనడానికి నిన్ను మాత్రం పంపొద్దని మీ అక్కకి చెప్పాను. నీ బేరం తెగేసరికి నేను కంపు కొడతాను." నిజంగానే అక్క నన్ను పంపలేదు.

అవన్నీ నేను ఆ కంప్యూటర్‌లోనే, ఫోల్డర్ అంటారే, అలాంటి ఒక వేరే పెట్టెలో వేసి దాచాను. అక్కకి ఇంగ్లీషు అక్షరాలు రావు. బావ ఇంట్లో మాటలు తక్కువ మనిషి, ఆ మీటలు టకటకలాడుతుంటే వంటింట్లోంచి వినడమే తప్ప అందులో ఏముందో ఆవిడకి తెలియదు. ఆయన పోయాక, పలాస బజారుకి వచ్చినప్పుడల్లా మా కొట్లో స్టూలు లాక్కుని కూర్చుని, "ఏదీ, ఏటన్నాడో సెప్పు" అనేది. నేను ఒకటి చదివేవాణ్ణి. ఒక్కటే. రెండోది చదవనిచ్చేది కాదు, అయిపోతాయని. నవ్వేది, కళ్లు తుడుచుకునేది, తరవాత తెరకేసి తిరిగి, "నీ నోరు పడిపోను, నాకా ఏడవడం రాదు? సచ్చి బతికిపోయావు గానీ" అని జవాబు చెప్పి, సంచి అందుకుని బస్సుకి పోయేది. ఆమె వినకుండా మిగిలినవి ఇంకా చాలానే ఉన్నాయి. ఆ లెక్క మీదే ఆవిడ బతుకుతోందని నాకు తెలుసు.

ఇంత తెలిసినవాణ్ణి చేసింది వినండి. టెక్కలి నుంచి మెకానిక్ వచ్చాడు. మంచివాడే. పాత డబ్బా విప్పి, "ముక్కెవైనవి ఏటైనా ఉంటే సెప్పండి సార్, ముందవి సూసుకుంటాను" అన్నాడు. నాలుక చివరి దాకా వచ్చింది బావ మాట. సరిగ్గా అక్కడ మా నాన్న నా గొంతులో అడ్డం కూర్చున్నాడు. ఇది కావాలి అని తెలిస్తే వీడు రేటు పెంచుతాడు. నేను ఫ్యాన్ వైపు చూస్తూ, "ముక్కెవేటుంది బాబూ, అంతా సెత్తే. వొత్తే రానీ, లేపోతే మానీ" అన్నాను.

వాడు మాననిచ్చాడు. పని అయ్యాక చూసుకోమంటే, బస్తా మీద, మధ్యన, అడుగున చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూసినట్టు, పాత వ్యాపారుల మెయిళ్లు మూడు చోట్ల తెరిచి చూశాను. పుచ్చు లేదు, బూజు లేదు. బావ పెట్టె తెరిస్తే వాడికి నా అక్కర తెలిసిపోతుందని, ఆ దరిదాపులకే వెళ్లలేదు. పాత డబ్బాని ఎక్స్‌ఛేంజీలో తీసుకోమని గంట సేపు పీకులాడి, ఒప్పించి, గెలిచి, అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ వారంలోనే అక్క వచ్చి స్టూలు లాక్కుంది. కొత్త తెర మీద అందరూ ఉన్నారు. తడిసిన సరుకు అంటగట్టినవాడు, పండగ శుభాకాంక్షలతో పాటు తప్పుడు తూకం పంపినవాడు, ఎప్పుడో పోయినవాళ్లు, ఒక్కడూ తప్పిపోకుండా పెళ్లి భోజనానికి వచ్చినట్టు వరసగా కూర్చున్నారు. బావ పెట్టె లేదు. లోపలికి వెళ్లి మెకానిక్‌కి ఫోన్ చేశాను. "ఆ పెట్టి వేరే సోట ఉంటాది సార్, మీరు సెప్పనేదు. డబ్బా తుడిసేసి జిరాక్స్ కొట్టుకి ఇచ్చేసేను, ఇంక రాదు" అన్నాడు. జాలిగా, "ఒక్క ముక్క సెప్పుంటే అయిపోను గదా. దానికి డబ్బులు కూడా అడగను సార్" అన్నాడు. నా జీవితంలో నన్ను ఇంత ఘోరంగా ఎవరూ దెబ్బ తీయలేదు.

అక్క ఎదురుగా కూర్చుని, తెర మీద ఎవరో పంపిన జీడి బద్దపప్పు ధరల మెయిల్ తెరిచి, బావ మెయిల్ చదవడం మొదలుపెట్టాను. అప్పటికప్పుడు కల్పించాను. ఎలాగూ కల్పిస్తున్నాను కదా అని కాస్త తీపి కలిపాను: "మీ అక్క నాకు చేసిన సేవ కన్నతల్లి కూడా చెయ్యదు. వచ్చే జన్మలో కూడా నాకు ఆవిడే కావాలి." చదివి తలెత్తాను. అక్క నవ్వలేదు, తెరకి జవాబు చెప్పలేదు. నా మొహమే చూస్తోంది.

"ఇది మీ బావ కాదురా," అంది. "మంచి మాట అనడం ఆ మనిసికి సేతకాదు." స్టూలు దగ్గరకి జరుపుకుని, "పోయాడేటి?" అంది.

నేను తెర మీది బద్దపప్పు ధర మూసేశాను. కొత్త డబ్బా వైపు, పాతది ఉన్న చోటు వైపు చూసింది.

"ఎవులికిచ్చేవు?"

"ఎక్స్‌ఛేంజీలో పోయింది."

"బేరం బాగా కుదిరిందేటి?" అంది అక్క. బావ రాసినా ఇంతకంటే బాగా రాయలేడు. సంచి తీసుకుని వెళ్లిపోయింది.

మా చిన్నప్పుడు మా వీధిలో కోపం వస్తే గడప మీద నిలబడి మూడు తరాలు ఎత్తి తిట్టేవాళ్లు, అరగంట తరవాత మజ్జిగ అప్పుకి వచ్చేవాళ్లు. మా ఇళ్లలో తిట్టు తెగిపోయే తాడు కాదు. ఇప్పుడు అందరం మర్యాదస్తులమైపోయాం, ఫోన్లో పొద్దున్నే ఒకరికొకరు దణ్ణం బొమ్మలు పంపుకుంటాం, నా గురించి కూర్చుని, ఆలోచించి, శ్రద్ధగా నాలుగు తిట్లు రాసే మనిషి ఈ లోకంలో లేడు. అక్క అయినా తిడుతుందేమోనని రోజూ ఎదురు చూశాను. మొన్న చుట్టాలింట్లో పెళ్లిలో ఎదురుపడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నన్ను ఒరే అని తప్ప పిలవని మా అక్క, పక్కకి జరిగి దారిచ్చి, ఎవరో పెద్దమనిషిని పలకరించినట్టు నెమ్మదిగా అంది: "బాగున్నారా అండీ?"