నోట్లోకొచ్చిన ఉప్పటి చుక్క

ఇవాళ డ్యూటీ దిగి క్వార్టర్స్‌కి వచ్చేశాక కూడా అన్నం సహించలేదు. అందుకే ఇది రాసి మన బిల్డింగ్ నోటీసు బోర్డుకి గుచ్చుతున్నాను.

ల్యాబ్‌లో మా పని కణాల్లోకి, జంతువుల్లో క్యాన్సర్ తెప్పించే ఒక వైరస్ డీఎన్ఏ ఎక్కించడం. అది ఊరికే లోపలికి పోదు. కాల్షియం, ఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో వేస్తే సన్నటి తెల్లని నలుసులు కడతాయి. డీఎన్ఏ వాటిని అంటుకుని కణంలోకి దూరుతుంది. ఆ నీళ్లని గాజు గొట్టంతో, నోటితో పీల్చి కొలుస్తాం. అందరం అంతే.

మూడు వారాల కిందట ఆ నీళ్లు పోసిన కణాల డిష్‌లని పొద్దున మైక్రోస్కోపులో చూశాను. మామూలుగా పక్కపక్కన బుద్ధిగా పరుచుకుని ఆగిపోయే కణాలు, క్యాన్సర్ కణాల్లా ఆగకుండా ఒకదాని మీదొకటి ఎక్కి గుట్టలు పడ్డాయి. పని ఫలించిందని సంబరపడి మా అసిస్టెంట్ మల్లేశం గారిని పిలిచి చూపించాను. కరీంనగర్ మనిషి. ఆ రోజు నాతో పాటు కొలిచి పోసింది ఆయనే.

చాలాసేపు చూసి, మెల్లగా అడిగారు.

"మేడం, ఆ దినం ఒక చుక్క నోట్లెకొచ్చింది. ఉప్పగుండె. ఉమ్మేసి పని చేసుకున్న. ఏం గాదు గదా?"

"ఏం కాదు లెండి," అన్నాను. చదువుకున్నదాన్ని కదా, తడుముకోకుండా అనేశాను.

తర్వాత ల్యాబ్‌లో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. అవుతుందనీ లేదు, కాదనీ లేదు. మీలో ఎవరికైనా తెలిస్తే ఈ కాగితం కిందే రాయండి.

ఆ ఉప్పు రుచి నాకూ తెలుసని మాత్రం ఆయనకి చెప్పలేదు.