తడి పలక వాసనొచ్చే వైను

రాయి కోసేటప్పుడు రంపం మీద నీళ్ళు పోస్తూనే ఉండాలి. ఆ నీళ్ళు తగిలిన పలకరాయి నుంచి ఒక చల్లటి వాసన లేస్తుంది. మార్కాపురంలో పుట్టినవాళ్ళం దాన్ని పట్టించుకోం. ఇవాళ పొద్దున మా షెడ్డులో అది ముక్కుకు తగలగానే పని ఆపి నిలబడిపోయాను. ఇటలీలోని లిగూరియా తీరం నుంచి రాయి కొనడానికి వచ్చిన బ్రూనో గుర్తొచ్చాడు.

ఆయన వచ్చిన ఏడాది మా నాయన షెడ్డుకు తాళం వేసే ఆలోచనలో ఉన్నాడు. పిల్లలు రాసుకునే పలకలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. నేలకు పరిచే రాయి బయటి దేశాలకు పంపగలిగితేనే నిలబడతాం. అందుకని నమూనా బండల మీది తుప్పు రంగు చారలన్నీ నాయన యాసిడ్‌తో కడిగించి, నల్లగా మెరిసేట్టు నూనె పూయించాడు. పెళ్ళిచూపుల ముస్తాబే. బ్రూనో వాటిని తట్టి చూసి మర్యాదగా తలూపాడు. ఆ ఊపు నాకు తెలుసు. మా తాత బట్టల దుకాణంలో చీరలన్నీ విప్పించి "మళ్ళీ వస్తాం" అనేవాళ్ళు అట్లాగే ఊపేవాళ్ళు.

మర్నాడు క్వారీ చూపించడానికి తీసుకుపోతుంటే, కొనకనమిట్ల దారిలో ఆయన కారు ఆపించాడు. పనికిరావని మేం పారేసిన చారల బండలను నిలువునా పాతి ఎవరో మేకల దొడ్డి కట్టుకున్నారు. బ్రూనో వాటిని చేత్తో నిమురుతున్నాడు.

"ఏందిరా, ఇంత దూరం వచ్చి మేకల దొడ్డి చూస్తాండాడు?" అన్నాడు నాయన.

"నాకు ఇది కావాలి. నిన్న ఎందుకు చూపించలేదు?" అన్నాడు బ్రూనో ఇంగ్లీషులో.

నేను తడుముకోలేదు. "అది చాలా అరుదైన రకం. ధర ఎక్కువ."

"ఆ సంగతి మేకలకు చెప్పారా?"

నాయనకు తెలుగులో చెబితే పగలబడి నవ్వాడు. "వీడు మన బజారోడేరా." బేరం సాయంత్రం దాకా సాగింది, షెడ్డుకు ఆర్డరు దొరికింది.

ఆ సాయంత్రం బ్రూనో తన సంచిలోంచి ఒక వైను సీసా తీశాడు. వాళ్ళ ఊరి కొండల్లోనూ పలకరాయేనట. ఆ రాళ్ళ మధ్య వెర్మెంతీనో అనే తెల్ల ద్రాక్ష పండిస్తారట. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే నిమ్మతొక్క, ఉప్పుగాలి, వాటి వెనక సన్నగా మా రంపం వాసన. తాగని నాయన కూడా వాసన చూసి, "మన షెడ్డును సీసాలో పెట్టినాడే" అన్నాడు.

మా రాయి పరిచిన ఇళ్ళు చూడమని తర్వాత బ్రూనో నన్ను వాళ్ళ ఊరికి పిలిపించుకున్నాడు. సముద్రంలోంచి నిటారుగా లేచిన కొండలు, వాటికి మెట్లు మెట్లుగా మట్టీ సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు, ఒక్కో మెట్టు మీద ఒక వరస తీగలు. పడమటి వైపు పండే రొస్సేసె అనే ద్రాక్షతో చేసే పలచటి ఎర్ర వైను చేపలతో కూడా తాగొచ్చని చెప్పాడు. షక్కెత్రా అనే తీపి వైను మాత్రం చిన్న సీసాలోనే అమ్ముతారు. ద్రాక్షను నీడలో ముడతలు పడేదాకా ఆరబెట్టి పిండుతారట. ధర విని నా రక్తం ఊరుకోలేదు. అడిగినదాంట్లో సగం నుంచి మొదలుపెట్టాను. అమ్మే ముసలామె దిగిరాలేదు. పోనీ కొసరుగా ఇంకో గ్లాసు పోయమన్నాను.

బ్రూనో నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏటా వానకు గోడ కూలుతుంది, మళ్ళీ పేరుస్తాం. బుట్టెడు పండు ఎండితే గుప్పెడు రసం. చివరికి మాకు మిగిలేదే కొసరు అబ్బాయ్. ఆమె అమ్మేది అదే."

అన్నేళ్ళు దుకాణాల్లో పెరిగి, బేరం మాని చెప్పిన ధరే ఇచ్చింది ఆ ఒక్కసారే.

బ్రూనో పోయాడు. ఆర్డర్లు ఇప్పుడు ఆయన కూతురు పెడుతుంది, బేరంలో తండ్రిని మించింది. రంపం తిరుగుతూనే ఉంది. కొత్తవాళ్ళెవరైనా కొనడానికొస్తే యాసిడ్ డబ్బా జోలికి పోను. చారల బండ మీద చెంబెడు నీళ్ళు పోసి, ముందు వాసన చూడమంటాను. ఆ తర్వాత అది అరుదైన రకమనీ, ధర ఎక్కువనీ చెబుతాను.